డిష్ దింపేసి నాలుగేళ్లు: క్లౌడ్ టీవీతో మా ఇంటి అనుభవం

2022 ఫిబ్రవరిలో మా డాబా మీది డిష్ దింపించాం. అప్పటి నుంచి హాల్లో టీవీ ఇంటర్నెట్ మీదే నడుస్తోంది. ఛానళ్లు, ప్రోగ్రామ్ గైడ్, పాత కార్యక్రమాలు అన్నీ కంపెనీ సర్వర్లలో ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది టీవీ, ఫైబర్ కనెక్షన్, రూటర్. మారే ముందు నేను చదివిన సమీక్షలన్నీ వారం, పది రోజులు వాడి రాసినవే. ఇలాంటి సేవ సంగతి తెలియాలంటే కొన్ని వానాకాలాలు గడవాలి, ఒక వరల్డ్ కప్ ఫైనల్ చూడాలి, ఇంట్లో ఒక పెద్దావిడ రోజూ వాడాలి. మాకు ఆ మూడూ అయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మాది విజయవాడ, పటమట. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. మామయ్యగారు 2021లో పోయారు.

డిష్ ఎందుకు మాన్పించామో ముందు చెప్తాను. మొదటి కారణం వాన. డిష్‌కు వచ్చేది కేయూ బ్యాండ్ అనే రకం రేడియో సిగ్నల్. గట్టి వానలో అది బాగా బలహీనపడుతుంది. బొమ్మ ముందు గళ్లు గళ్లుగా విరిగేది, తర్వాత ఆగిపోయేది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్నప్పుడల్లా, వార్తలు చూడాల్సిన ఆ రెండు గంటలే మా టీవీ పనిచేసేది కాదు. రెండో కారణం బాక్సులు. అటక మీద అప్పటికే మూడున్నాయి. ఒకటి కేబుల్ వాళ్లది, మిగతావి రెండు వేర్వేరు డిష్ కంపెనీలవి. ఒకరి బాక్సు ఇంకొకరికి పనికిరాదు, కొనేవాళ్లు లేరు, పారేయబుద్ధి కాదు. నాలుగోది టీవీ కింద రాత్రీపగలూ వేడిగా ఉండేది. రిమోట్‌తో ఆపేసినా అది పూర్తిగా ఆగదు. మావారు ప్లగ్‌కు మీటరు పెట్టి చూస్తే, ఆపేసిన బాక్సు కూడా 11 వాట్లు లాగుతోంది. నెలకు దాదాపు 8 యూనిట్లు, ఎవరూ ఏమీ చూడకుండానే.

ఆ బాక్సు చేసే పని చిన్నదేమీ కాదు. డిష్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను పట్టుకోవాలి, డబ్బు కట్టిన ఛానళ్లకే తాళం తీయాలి, వీడియోను విప్పి తెర మీద చూపాలి, గైడ్ గీయాలి, రికార్డ్ చేయమంటే హార్డ్‌డిస్క్‌లో దాచాలి. క్లౌడ్‌కు మారడమంటే వీటిలో చాలా పనులు మన గది లోంచి డేటా సెంటర్‌కు వెళ్లిపోవడం. ఎవరు ఏ ఛానల్‌కు డబ్బు కట్టారో అక్కడే చూస్తారు, గైడ్ అక్కడే తయారవుతుంది, పాత కార్యక్రమాలు అక్కడే ఉంటాయి. కొన్ని దేశాల కేబుల్ కంపెనీలు మెనూను కూడా సర్వర్‌లోనే గీయించి వీడియోలా పంపి, పాత బాక్సుల్లోనే కొత్త మెనూలు నడిపించాయి. మన వైపు మిగిలేది ప్రధానంగా వీడియో విప్పే పని. అది ఇప్పుడు టీవీలోని చిప్పే చేస్తుంది.

వాన విషయంలో మాకు పూర్తి న్యాయం జరిగింది. ఈ నాలుగేళ్లలో వాన వల్ల బొమ్మ పోయిన రోజు ఒక్కటీ లేదు. రోడ్డు తవ్వినప్పుడు ఫైబర్ తెగి రెండు సార్లు టీవీ ఆగిపోయింది. ఒకసారి గాలికి కొమ్మ విరిగి స్తంభం మీది వైరు మీద పడింది. అది బాగుచేయడానికి ఒక రోజంతా పట్టింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ ఒకే రోజు చూశాం. మా వీధిలోకి వరద రాలేదు కానీ కరెంటు పోయింది. రూటరు ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి మధ్యాహ్నం దాకా టీవీ వచ్చింది. తర్వాత నెట్ ఆగిపోయింది. మన ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోదు. వీధి చివర నెట్ వాళ్ల పరికరాలకూ బ్యాటరీ ఉండాలి, అది అయిపోయింది. డిష్ ఉండి ఉంటే ఇన్వర్టర్ మీద ఇంకాసేపు నడిచేదే. కానీ అదే లాగిన్‌తో ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, ఆగుతూ ఆగుతూ అయినా అవే వార్తా ఛానళ్లు చూడగలిగాం. సింగ్‌నగర్‌లో మా బావగారి కుటుంబం మేడ మీద చిక్కుకుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం పెరుగుతోందని అత్తయ్య ఆ చిన్న తెర మీదే చూశారు. ఆ రాత్రి ఫోన్‌ను ఎవరూ కింద పెట్టలేదు.

ఇక కష్టమంతా అత్తయ్య వైపు నుంచే మొదలైంది.

ఆవిడకు 74 ఏళ్లు. డిష్ రోజుల్లో ఛానల్ అంటే ఆవిడకు ఒక నంబరు. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలతో ఎవరి ఛానళ్లు వాళ్లే ఎంచుకోవాలన్నప్పుడు, మామయ్యగారు పాత డైరీలో రెండు పేజీలు రాసిపెట్టారు. భక్తి ఛానళ్లు ఒక వరసలో, వార్తలు ఒక వరసలో, సీరియళ్లు వేరే. మూడేసి అంకెలు, పక్కన పేరు. అత్తయ్య కళ్లద్దాలు లేకుండా కూడా రిమోట్ మీద ఆ అంకెలు నొక్కేవారు. యాప్ వచ్చాక నంబర్లు పోయాయి. కొత్త రిమోట్ మీద అంకెలే లేవు. తెర మీద వరసలు వరసలుగా బొమ్మలు, అవి కూడా రోజుకో చోట. నిన్న చూసినది ఇవాళ ముందుకొస్తుంది, కంపెనీ చూపించాలనుకున్నది అన్నిటికంటే పైన ఉంటుంది. "అమ్మాయ్, నిన్న ఇక్కడున్న ఛానల్ ఇవాళ ఏదమ్మా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఓ పొద్దున నేను ఆఫీసుకు వెళ్లిపోయాను, పిల్లలు స్కూలుకు వెళ్లారు. యాప్ తనంతట తాను అప్‌డేట్ అయి మళ్లీ లాగిన్ అడిగింది. ఓటీపీ మావారి ఫోన్‌కు వెళ్లింది, ఆయనేమో మీటింగ్‌లో ఉన్నారు. సాయంత్రం నేను వచ్చేదాకా అత్తయ్య ఆ ఖాళీ తెర ముందే కూర్చున్నారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఇష్టమైన ఛానళ్ల జాబితా, మైకు బటన్ రెండూ ప్రయత్నించాం. మైకులో "సప్తగిరి" అంటే చాలాసార్లు ఆ దూరదర్శన్ ఛానల్ సరిగ్గానే వస్తుంది. "భక్తి ఛానల్ పెట్టు" అంటే మాత్రం పాటల వీడియోలు వస్తాయి. ఈ సేవలు తయారుచేసేవాళ్లు ఛానల్ నంబరును పాతకాలపు సామానులా చూడకూడదు. పెద్దవాళ్లకు అది ఇంటి గుమ్మం లాంటిది.

మ్యాచ్‌ల సంగతి వేరు. 2024 జూన్ 29న టీ20 వరల్డ్ కప్ ఫైనల్. చివరి ఓవర్, దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మా తెర మీద హార్దిక్ పాండ్యా ఇంకా బంతి పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. ఈలోపు పక్కింట్లోంచి ఒక్కసారిగా అరుపులు, ఈలలు. వాళ్లకు డిష్ ఉంది. అర నిమిషం తర్వాత మాకు సూర్యకుమార్ యాదవ్ క్యాచ్ కనిపించింది. అప్పటికే మావాడి మొహం వాడిపోయింది. ఈ ఆలస్యం ఎందుకంటే, నెట్ మీద వచ్చే వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ఆగకుండా ఆడటానికి యాప్ కొన్ని ముక్కలను ముందే పోగుచేసుకుంటుంది. ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకనే పడుతుంది. మ్యాచ్ రోజు అందరూ ఒకేసారి చూడటం ఇంకో ఇబ్బంది. ఉపగ్రహానికి ఇంకో ఇల్లు కలిసినా భారం పెరగదు. యాప్‌లో ప్రతి ఇంటికీ విడిగా పంపాలి. 2023 వరల్డ్ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారంటే, ఆ సర్వర్ల వెనక ఉన్న ఇంజినీర్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మా నెట్ మాత్రం ఐపీఎల్ సాయంత్రాల్లో నీరసపడుతుంది. బొమ్మ ఆగిపోదు, నాణ్యత తగ్గించుకుని మసకగా నడుస్తుంది. బౌండరీ దగ్గర బంతి కనిపించదు.

ఖర్చు: డిష్‌కు రెండు టీవీలకు కలిపి నెలకు 680 దాకా అయ్యేది. పిల్లల చదువు కోసం నెట్ ఎలాగూ ఉంది, అది పన్నుతో 1,179. అందులోనే టీవీ కలిసొచ్చింది కాబట్టి డిష్ డబ్బు మిగిలింది. హెచ్‌డీ ఛానల్ సెకనుకు 5 మెగాబిట్లు తీసుకుంటే గంటకు 2.25 జీబీ అవుతుంది. రోజుకు ఆరు గంటలు చూసినా నెలకు 405 జీబీ. మా ప్లాన్ హద్దు 3,300 జీబీ కాబట్టి ఎప్పుడూ టెన్షన్ పడలేదు. తక్కువ హద్దు ఉన్న ప్లాన్ అయితే ముందే లెక్క చూసుకోండి. అనుకోని ఖర్చు ఒకటి వచ్చింది. మా టీవీ 2018లో కొన్నది, 2024లో దానికి యాప్ రావడం ఆగిపోయింది. తెర నిక్షేపంగా ఉంది. దాని వెనక పెట్టడానికి, యాప్‌లు నడిపే చిన్న స్టిక్ ఒకటి కొన్నాం, 3,500 అయింది. స్మార్ట్ టీవీ ఉంది కదా, ఇక ఏ పరికరమూ అక్కర్లేదని అనుకోకండి.

ఇంకో విషయం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మా డిష్ ఒకవైపు దారి. ఆకాశం నుంచి వచ్చేది తప్ప మేం ఏం చూస్తున్నామో పైకి వెళ్లేది కాదు. అందుకే టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ కొన్ని ఇళ్లను ఎంపిక చేసి మీటర్లు పెట్టిస్తుంది. యాప్‌లో అలా కాదు. అత్తయ్య ఏ కార్యక్రమం ఎన్ని నిమిషాలు చూశారో, ఎక్కడ ఆపారో సర్వర్‌కు తెలిసే అవకాశం ఉంటుంది. నాకది నచ్చదు. సెట్టింగ్స్‌లో ఆపగలిగినవి ఆపాను.

రికార్డింగుల గురించి చెప్పడానికే నేను ఈ సమీక్ష రాయడం మొదలుపెట్టాను.

మామయ్యగారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉండేది. 2019లో సప్తగిరిలో రైతుల కార్యక్రమం వాళ్లు వచ్చి, పూత మీద తేనెమంచు పురుగు పడితే ఆయన ఏం చేస్తారో అడిగారు. నాలుగు నిమిషాలు మాట్లాడారు. ప్రసారమైన రోజు డిష్ బాక్సులో రికార్డ్ చేశాం. ఆయన పోయాక అత్తయ్య అప్పుడప్పుడు అది పెట్టించుకుని చూసేవారు. డిష్ మాన్పించేటప్పుడు, రికార్డింగ్ మన ఇంట్లో, మన బాక్సులోనే ఉంది కదా అనుకున్నాం. రీచార్జ్ గడువు అయిపోయిన మర్నాడు అది తెరుచుకోలేదు. ఆ హార్డ్‌డిస్క్ ఆ బాక్సుకు, నడుస్తున్న కనెక్షన్‌కు ముడిపడి ఉంటుంది. ఊడదీసి కంప్యూటర్‌కు పెట్టినా లాభం లేదు. కస్టమర్ కేర్ వాళ్లు మళ్లీ రీచార్జ్ చేయమన్నారు, చేశాం. అయినా తెరుచుకోలేదు. కనెక్షన్ మళ్లీ మొదలైందన్న కబురు కూడా ఉపగ్రహం నుంచే రావాలట, మా డిష్ అప్పటికే కింద ఉంది. మనిషిని పిలిచి మళ్లీ బిగించాం. ఆ సాయంత్రం బాక్సు తెరుచుకోగానే మావారు టీవీ ముందు ఫోన్ పట్టుకుని ఆ నాలుగు నిమిషాలూ తీశారు. మధ్యలో ట్యూబ్‌లైట్ వెలుగు తెర మీద పడింది. మామయ్యగారి మొహానికి అడ్డంగా ఒక తెల్ల గీత ఉంటుంది. మాకు మిగిలింది అదే.

క్లౌడ్‌లో అయితే ఇంకా మేలుగా ఉంటుందని అనుకున్నాను. మా సేవలో వెనక్కి వెళ్లి చూసే వీలు ఏడు రోజులే. అది కూడా అన్ని ఛానళ్లకూ లేదు, మ్యాచ్‌లకు అసలు లేదు. ఎనిమిదో రోజున ఏమీ చెప్పకుండా పోతుంది. మా ఆడపడుచు టెక్సస్‌లో యూట్యూబ్ టీవీ వాడుతుంది. తెలుగు ఛానళ్లకు యప్ టీవీ. "వదినా, మాకు ఎన్ని రికార్డ్ చేసినా తొమ్మిది నెలలుంటాయి" అంటుంది. అక్కడ ఈ సౌకర్యం వెనక కోర్టు గొడవే నడిచింది. కేబుల్‌విజన్ అనే సంస్థ కస్టమర్ల రికార్డింగులను తన సర్వర్లలో దాస్తానంటే, స్టూడియోలు, ఛానళ్లు కేసు వేశాయి. ఎవరు నొక్కితే వాళ్లకే ఒక కాపీ విడిగా తయారవుతుంది, దాన్ని వాళ్లే చూస్తారు కాబట్టి తప్పు లేదని 2008లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మా సేవలోనూ అలా మనకంటూ ఒక అర ఉండాలి. నెలకు ఇంకో 50 రూపాయలు తీసుకున్నా ఇస్తాను.

ఇప్పుడు మా ఏర్పాటు ఇదీ. హాల్లో యాప్ ఉంది, దాన్ని వదలం. పిల్లలు ఏ కార్యక్రమమైనా హోంవర్క్ అయ్యాక వెనక్కి తిప్పి చూసుకుంటారు, నేను రాత్రి వార్తలు పదిన్నరకు చూస్తాను. మా నలుగురికీ ఇది డిష్ కంటే చాలా మెరుగు. అత్తయ్య గదిలో గత ఏడాది డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం. నెలసరి చందా లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు. వాన పడితే పోతుంది, అప్పుడు ఆవిడ హాల్లోకి వస్తారు. అందులో ఆవిడ సీరియళ్లు అన్నీ రావు, వాటికి సాయంత్రం నేనే యాప్‌లో పెడతాను. డైరీలో మామయ్యగారి పేజీల పక్కన కొత్త నంబర్లు మా అమ్మాయి రాసిపెట్టింది.

మీ ఇంట్లో కూడా బాక్సు మాన్పించే ఆలోచన ఉంటే, ముందు అందులో ఏమేం రికార్డ్ అయి ఉన్నాయో ఒకసారి చూడండి. మీ వాళ్లెవరైనా కనిపించేవి ఉంటే, రీచార్జ్ గడువు ఉండగానే, డిష్ దింపకముందే, ఫోన్‌తో తీసి పెట్టుకోండి. తీసేటప్పుడు గదిలో లైటు ఆర్పేయండి.