జాగ్రత్త: “నచ్చిన షెల్ పెట్టుకోవచ్చు” అంటే నమ్మి సర్వర్ ఖాతా కొనకండి

ఇది షేర్డ్ సర్వర్లలో, అంటే చాలామంది కలిసి వాడుకునే యంత్రాల్లో, ఖాతాలు అమ్మే ఒక సంస్థ గురించి. ఏ సంస్థో వాటిని వాడేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీకు నచ్చిన షెల్ (మనం టైప్ చేసే ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) వాడుకోవచ్చని అమ్మేటప్పుడు పెద్ద అక్షరాలతో రాశారు. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు. తీరా లోపలికి వెళ్లి షెల్ మార్చే సీహెచ్‌ఎస్‌హెచ్ ఆదేశం ఇస్తే కుదరదంది. ఈటీసీ డైరెక్టరీలోని షెల్స్ ఫైలులో ఉన్న షెల్‌లనే మామూలు యూజర్ ఎంచుకోగలడు. అందులో నేను వాడాలనుకున్న జెడ్ షెల్ లేదు. ఆ ఫైలులో ఒక్క వరుస చేర్చాలన్నా రూట్ అధికారం (సర్వర్ మొత్తంపై పూర్తి అధికారం) కావాలి, అది వాళ్ల చేతుల్లోనే ఉంది. చేర్చమని అడిగితే చేర్చలేదు.

దానికి బదులు సపోర్ట్ వాళ్లు ఒక ఉపాయం పంపారు: జెడ్ షెల్‌ను హోమ్ డైరెక్టరీలోనే (నా సొంత ఫైళ్లుండే చోట) కంపైల్ చేసుకుని, దాన్ని ఎగ్జెక్‌తో (నడుస్తున్న షెల్ స్థానంలో మరో ప్రోగ్రామ్‌ను పెట్టే ఆదేశంతో) నడిపే వరుసను, అక్కడ మామూలుగా వచ్చే బ్యాష్ షెల్ మొదలవుతూ చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో పెట్టమన్నారు. వాళ్లు పంపిన వరుసనే అక్షరం మార్చకుండా పెట్టాను. షెల్ వచ్చింది కానీ ఫైళ్లు పంపుకునే ఎస్‌సీపీ, ఆర్‌సింక్ రెండూ ఆగిపోయాయి. దూరం నుంచి సర్వర్‌కు కలిపే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చే ఇలాంటి ఆదేశాలకు కూడా ఆ యంత్రంలో బ్యాష్ ఈ ఫైలునే చదువుతుంది. చదవగానే అసలు ఆదేశాన్ని వదిలేసి జెడ్ షెల్‌గా మారిపోతుంది. ఇది సర్వర్లు నడిపేవాళ్లకు తెలియని విషయమా?

దీని గురించి రాసి జవాబు కోసం చూస్తుండగానే, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేశారు. నా జెడ్ షెల్‌కు కావలసిన పాత ఎన్‌కర్సెస్ లైబ్రరీ (తెరపై అక్షరాలు చూపించడానికి వాడే కోడ్) దాంతో పోయింది. ఇక లాగిన్ కాగానే లైబ్రరీ దొరకలేదన్న సందేశం, వెంటనే కనెక్షన్ కట్. ఎగ్జెక్ అప్పటికే బ్యాష్‌ను తీసేస్తుంది కాబట్టి వెనక్కి రావడానికి అక్కడ ఏ షెల్లూ మిగలదు. ఫైళ్లు తెచ్చుకునే దారీ లేదు.

నేను వాళ్లను అడిగింది ఒక్కటే: బ్యాష్‌ఆర్‌సీ ఫైలు పేరు మార్చండి. రూట్ అధికారం ఉన్నవాళ్లకు అది క్షణం పని. వచ్చిన జవాబు ఇది: “మీ హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లకు మేము బాధ్యులం కాము. కావాలంటే ఖాతా తుడిచేసి కొత్తది ఇస్తాం.” ఆ వరుస పంపింది మీరే కదా అని వాళ్ల సందేశాన్నే తిరిగి పంపాను. చదివారో లేదో, నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. ఒక మనిషి పనంతా ఆ ఖాతాలో ఉందని తెలిసి కూడా తుడిచేస్తామని అంత తేలిగ్గా ఎలా అనగలిగారు! డబ్బు పోయినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ మండిస్తోంది. డబ్బు వాపసు అడిగితే జవాబే లేదు.

కొనేముందు ఆ షెల్స్ ఫైలులో ఏమేం ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. ఖాతాలు ఎల్‌డాప్‌లో (వాటి వివరాలన్నీ ఒకేచోట ఉంచే కేంద్ర డైరెక్టరీలో) ఉంటే మామూలు సీహెచ్‌ఎస్‌హెచ్ పనిచేయదు, అదీ అడగండి. ఎగ్జెక్ తప్ప దారి లేకపోతే ఆ వరుసను, లాగిన్ అయ్యేటప్పుడు చదివే బ్యాష్ ప్రొఫైల్ ఫైలులో పెట్టండి, బ్యాష్‌ఆర్‌సీలో వద్దు. కొత్త షెల్ మొదట ఒక చిన్న ఆదేశాన్ని సరిగా నడిపితేనే ఎగ్జెక్ జరిగేలా షరతు రాయండి. రెండో కిటికీలో లాగిన్ అయ్యి చూసేదాకా మొదటిది మూయకండి.