డే కేర్‌కు డబ్బు కట్టే ముందు: బడి గేటు నుంచి వాళ్ల గుమ్మం దాకా పిల్లల బాధ్యత ఎవరిదో రాయించుకోండి

పాలకొల్లులో పిల్లలను బడి నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకుంటామనే డే కేర్‌లో చేర్పించబోతున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవారు, కాస్త ఓపిక చేసుకుని ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నేను భీమవరంలో, మావారు నరసాపురంలో పనిచేస్తాము. బడి వదిలే మూడూముప్పావుకు ఇద్దరిలో ఎవరమూ ఊళ్లో ఉండము. అందుకే ఒకటో తరగతిలో చేరిన మా అమ్మాయి కోసం జూన్‌లో నెలకు 4,500 చొప్పున మూడు నెలలకు 13,500 రూపాయలు ముందుగానే కట్టేశాము. ఆటోలో ఆయా ఉంటుందా అని రెండుసార్లు అడిగాను. "ఆయ్, మా ఆయా ఎక్కకుండా బండి కదలదండీ" అని నిర్వాహకురాలు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకే పడిపోయాను. రసీదులో "డే కేర్ ఫీజు" అన్న మాట తప్ప బడి నుంచి తీసుకురావడం గురించి ఒక్క అక్షరమూ లేదని అప్పుడు చూసుకోలేదు.

సంగతి బయటపెట్టినవి బూట్లు. జూలైలో ఒక శనివారం సాయంత్రం అమ్మాయి తెల్ల కాన్వాసు బూట్లు ఉతకబోతే, మడమల దాకా నల్లరేగడి పట్టేసి, లేసు ముడిలో గడ్డిపరక చిక్కుకుని ఉంది. బడి ముందు సిమెంటు రోడ్డు, డే కేర్ ముందూ సిమెంటు రోడ్డే. మరి ఈ బురద ఎక్కడిదని అడిగితే, "ఆటో అంకుల్ వంతెన దగ్గర దింపేస్తాడమ్మా, రెండో క్లాసు అన్నయ్య చెయ్యి పట్టుకుని నడిచి వెళ్తాను" అంది. సందులో బండి తిప్పుకోవడం కష్టమని పిల్లలను వంతెన దగ్గరే వదిలేసి, కాలువ గట్టు వెంబడి వాళ్లంతట వాళ్లను నడిచిపొమ్మంటున్నారన్నమాట. వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్లు వదిలేదీ, బడులు తెరిచేదీ జూన్‌లోనే కాబట్టి, ఆ గట్టు మీద పిల్లలు నడిచే రోజుల్లో కాలువ నిండుగా పారుతూ ఉంటుంది. అక్కడ రెయిలింగు లేదు.

సోమవారం సెలవు పెట్టి వంతెన దగ్గర నిలబడ్డాను. డ్రైవరు కాక ముగ్గురు ఎక్కవలసిన ఆటోలోంచి తొమ్మిది మంది పిల్లలు దిగారు. ఒకడు డ్రైవరు పక్కన సీటు అంచున కూర్చుని వచ్చాడు. ఆయా జాడ లేదు. ఉన్న ఒక్క ఆయా ఆ వేళకు డే కేర్‌లో చంటిపిల్లలను పడుకోబెడుతోందని తర్వాత తెలిసింది. నిలదీస్తే నిర్వాహకురాలు మొదట "రెండడుగులే కదండీ" అన్నారు, ఆపైన "ఆటో మాది కాదండీ, అతనితో మీరే మాట్లాడుకోవాలి" అన్నారు. దింపేదాకే తన పని అని డ్రైవరు. గట్టు మీద నడిచే ఆ కాసేపు నా బిడ్డ ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ రోజే మాన్పించాము. మిగిలిన రెండు నెలల సొమ్ము అడిగితే "కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వమండీ" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, రసీదు, ఆయా వెంట వస్తుందని వాళ్లు వాట్సాప్‌లో పంపిన మెసేజీ జతచేసి ఫిర్యాదు నమోదు చేయించాక ఒక నెల డబ్బు, 4,500, వెనక్కి వచ్చింది. ఆ మెసేజీ లేకపోతే అదీ వచ్చేది కాదు. మిగిలింది రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు ఉండదు.

కాబట్టి కట్టే ముందు, బడి గేటు దగ్గర పిల్లను ఎవరు అందుకుంటారో, ఎక్కడ దింపుతారో, ఆయా రాని రోజు ఏం చేస్తారో రసీదు వెనకైనా రాయించి సంతకం పెట్టించుకోండి. ఆటో నంబరు తీసుకుని ఎం-పరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు చూడండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నమే తెస్తారా, అన్నానికి విడిగా తీసుకుంటారా అన్నదీ, వాయుగుండం పట్టి అర్ధాంతరంగా బడి వదిలేస్తే ఎవరు వెళ్తారన్నదీ (మన వైపు ఇది ఏటా ఉన్నదే) ఇప్పుడే అడగండి. చేర్పించిన మొదటి వారంలో ఒక రోజు, చెప్పకుండా, దింపేచోట వెళ్లి నిలబడండి. నేను ఆ పని నెల ఆలస్యంగా చేశాను.

ప్రస్తుతం మా వీధిలోని పిన్నిగారు రోజూ నడిచి వెళ్లి అమ్మాయిని తీసుకొస్తున్నారు. మిగిలిన 4,500 వచ్చిందీ లేనిదీ ఇక్కడే తెలియజేస్తాను.