ఇంట్లోనే ఫెండర్ అంచులు మడిచిన నాలుగు శీతాకాలాల తరువాత

డెట్రాయిట్ శివారులో ఉంటూ, 2017 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌ను రోజూ ఆఫీసుకు నడుపుతున్నాను. 2021 అక్టోబరులో, కొనుక్కున్న రోలర్ (అంచులు నొక్కి మడిచే పనిముట్టు)తో, మా గ్యారేజీలోనే దాని ఫెండర్ల, అంటే చక్రాల పైన వంపుగా ఉండే బాడీ రేకుల, లోపలి అంచులను మడిచాను. ఆ తరువాత నాలుగు శీతాకాలాలు, దాదాపు 38 వేల మైళ్లు గడిచాయి. పని పూర్తయిన వారానికే రాసి ఉంటే ఈ సమీక్షలో పొగడ్తలే ఉండేవి. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద కనీసం రెండు చలికాలాలు తిరిగితే తప్ప ఈ పనిలో మంచిచెడ్డలు బయటపడవు.

అసలు అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. నా కారుకు కంపెనీ ఇచ్చిన రిమ్ములు 17 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, 55 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ కలవి. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము మధ్యగీత నుంచి దానిని కారుకు బిగించే తలం వరకు ఉన్న దూరం; అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. వాటి మీద 235/45 టైర్లు (వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం) ఉండేవి. వాటి స్థానంలో 18 అంగుళాల వ్యాసం, 9.5 అంగుళాల వెడల్పు, 38 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు, 265/35 టైర్లు వేశాను. లెక్క వేస్తే రిమ్ము లోపలి అంచు కేవలం 2 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, బయటి అంచు మాత్రం ఏకంగా 36 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. టైరు ఎత్తు పాతదానితో దాదాపు సమానమే కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు; ఇబ్బందంతా ఫెండర్ అంచుతోనే. వెనక సీటులో ఇద్దరు కూర్చుని, రోడ్డు మీద చిన్న పల్లం తగిలితే చాలు, టైరు భుజం ఆ అంచుకు రాసుకుని కర్రుమనేది. ఒకసారి ఆగి చూస్తే రబ్బరు మీద కత్తితో గీసినట్టు చుట్టూ సన్నని గాటు పడి ఉంది. అది చూశాక ఇక వాయిదా వేయలేదు.

రోలర్ నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. చక్రం విప్పి, అదే హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు భాగానికి) అవే నట్లతో దీనిని బిగించాలి. పొడవు మార్చుకోగల చెయ్యి ఒకటి, దాని కొసన కోణం మార్చుకోగల గట్టి ప్లాస్టిక్ చక్రం ఒకటి ఉంటాయి. ఆ చక్రాన్ని అంచుకు ఆనించి, చేతిని అటూ ఇటూ ఊపుతూ, కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ పోతే రేకు లోపలికి వాలుతుంది. నేను కొన్న దానిలో చెయ్యిని బిగించే నట్టు పని మధ్యలో వదులయ్యేది, ప్రతి విడతకూ స్పానరు పట్టవలసి వచ్చింది. అంతకుమించి లోపం కనబడలేదు.

కారును ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, హబ్ కూడా దానితోపాటే దిగుతుంది. ఆ స్థితిలో రోలర్ గీసే వలయం ఫెండర్ వంపుతో కలవదు; ఒకచోట గట్టిగా, మరోచోట పైపైన నొక్కుతుంది. కారు జాక్ స్టాండ్ల మీద స్థిరంగా ఉండగానే, రెండో జాకీతో సస్పెన్షన్‌ను మామూలు ఎత్తుకు దగ్గరగా లేపుకుంటే మడత సమానంగా వస్తుంది. దీనిని నేను రెండో చక్రం దగ్గరే గ్రహించగలిగాను.

పెయింటు విషయంలో తొందర అసలు పనికిరాదు. జానెడు మేర హీట్ గన్‌తో వేడి చేసి, వేడి తగ్గకముందే రోలర్ తిప్పి, మళ్లీ వేడి చేయాలి. మా ఆవిడ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని అంకెలు చదివేది. "అరవై దాటుతోందండీ, ఆపండి" అన్నప్పుడల్లా గన్ పక్కకు తీసేవాణ్ణి. అలా చేసిన మూడు ఫెండర్లలో ఒక్క గీత పడలేదు. నాలుగోది ఎడమ వెనకది. అప్పటికి చీకటి పడింది, గ్యారేజీలో 10 డిగ్రీల చలి, ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కొలవకుండానే నొక్కాను. టిక్కుమని చిన్న చప్పుడు, రెండు అంగుళాల పొడవున వెంట్రుకంత బీట. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అయితే ఆ బీట కన్నా పెద్ద తప్పు మరొకటి చేశాను. ముందు ఫెండర్ బోల్టులతో బిగించిన ఒంటి రేకు, పాడైతే మార్చుకోవచ్చు. వెనకది కారు బాడీలోనే భాగం. బయటి రేకు, లోపలి రేకు అంచు దగ్గర స్పాట్ వెల్డింగుతో కలిసి ఉంటాయి, ఆ అతుకులోకి నీరు పోకుండా సీలర్ పూత ఉంటుంది. అంచు మడిచినప్పుడు పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల ఆ సీలర్ పగులుతుంది. కుడివైపు పని ఉదయమే ముగిసింది కాబట్టి పాత సీలర్ గీకి, ప్రైమర్ వేసి, కొత్త సీలర్ బాగా పట్టించాను. ఎడమవైపు చలికి సీలర్ గట్టిపడదని వచ్చే వారానికి వదిలేశాను. బయటి బీటకు మాత్రం టచప్ పెయింటు పూశాను. ఆ వచ్చే వారం రానే లేదు, మంచు వచ్చేసింది.

2023 మార్చిలో కారు కడుగుతుంటే ఎడమ అంచు మీద బియ్యపు గింజంత పొంగు చేతికి తగిలింది. గోటితో నొక్కితే పెయింటు పొర విరిగి గోధుమరంగు నీరు కారింది. ఇప్పుడు అది మూడు అంగుళాల తుప్పు. కుడివైపు అదే ఉప్పు, అదే బురద, అవే నాలుగు శీతాకాలాలు. వేలు లోపలికి పెట్టి తడిమితే సీలర్ ఈనాటికీ రబ్బరులా మెత్తగానే ఉంది. ఒకే కారుకు రెండు పక్కల ఇంత తేడా రావడానికి ఒక గంట పని, ఒక సీలర్ ట్యూబు మాత్రమే కారణం.

రాపిడి మాత్రం పూర్తిగా పోయింది. నలుగురం ఎక్కి, డిక్కీ నిండా సామానుతో షికాగో వెళ్లివచ్చినా టైరు ఎక్కడా తగలలేదు. అందుకు అంచును పూర్తిగా చదునుగా నొక్కవలసిన అవసరం కూడా రాలేదు, ముప్పావు వంతు వాలిస్తేనే సరిపోయింది. ఎంత తక్కువ మడిస్తే సీలర్ అంత తక్కువ పగులుతుందని నా నమ్మకం.

సొంతంగా చేయదలచినవారు ఎండాకాలంలో, రోజుకు రెండు చక్రాలకు మించకుండా పెట్టుకోవాలని నా సలహా. సీలర్, ప్రైమర్ రోలర్‌తోపాటే కొని దగ్గర ఉంచుకోండి, వెనక అంచు మడిచిన రోజే పూయండి. ఉప్పు లేని ఊళ్లో ఉన్నా వానాకాలపు బురద ఆ సందులో తడిగా నిలుస్తుంది కాబట్టి సీలర్ ఎక్కడా మానకూడదు. నేను ఏటా అక్టోబరులో చక్రాలు విప్పి, నాలుగు అంచులూ కడిగి ఆరబెట్టి, మైనం కలిసిన తుప్పు నిరోధక స్ప్రే కొడుతున్నాను. ఎడమ వెనక అంచును మాత్రం డెంటింగ్ షాపువాళ్లకు చూపించాను. తుప్పు పట్టిన మేర కోసి కొత్త రేకు అతకాలని చెప్పారు. వచ్చే నెల కారు వాళ్లకు అప్పగిస్తున్నాను.