ఎడిన్‌బరో భోజనం, పానీయం: విజయనగరం నాలుకతో ఒక సమీక్ష

విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి పిల్లలను బ్రిటన్ చదువులకు పంపిన కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. పిల్లల స్నాతకోత్సవం పేరిట జూలైలో ఒకసారి స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్ళి రావాలనుకునే తల్లిదండ్రులకు అక్కడి కోట గురించీ మ్యూజియం గురించీ చెప్పేవారు బోలెడుమంది దొరుకుతారు గానీ, మూడు పూటలా ఏం తినాలని అడిగితే మాత్రం అందరూ చెప్పేది ఒక్కటే: నూడుల్స్ ప్యాకెట్లు, పులిహోర పేస్టు పట్టుకెళ్ళండి. ఈ సలహాతో నేను ఏకీభవించను. ఎడిన్‌బరో చేపను, ఓట్స్ ధాన్యాన్ని, బంగాళాదుంపను బాగా ఎరిగిన ఊరు. ఆ మూడింటినీ సరైన చోట తింటే మన నాలుకకు పెద్ద లోటేమీ ఉండదు. చోటు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా.

ముందుగా ఎక్కడ తినకూడదో చెప్పాలి. కోట నుంచి హోలీరూడ్ ప్యాలెస్ దాకా దిగే రాయల్ మైల్ వీధిని తప్పకుండా నడిచి చూడవలసిందే గానీ, ఆకలి వేసినప్పుడు మాత్రం ఆ వీధి వదిలి పక్క సందుల్లోకి దిగడం మంచిది. గుమ్మంలో గళ్ళ స్కర్టు బొమ్మ నిలబెట్టి, ఆరు భాషల్లో మెనూ అంటించిన ఒక హోటల్లో మాకు వడ్డించిన సూపు పైన వేడిగా, అడుగున చల్లగా ఉంది; బిల్లు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వేడిగానే ఉంది. యాత్రికుడు రెండోసారి రాడని తెలిసిన వంటగది ఏ దేశంలోనైనా అలాగే వండుతుంది.

చేప విషయానికి వస్తే, ఇంగ్లండ్‌లో ఫిష్ అండ్ చిప్స్‌కు కాడ్ చేప ఎక్కువగా వాడితే స్కాట్లాండ్‌లో హ్యాడక్ వాడతారు. భోగాపురం, పూసపాటిరేగ తీరం చేపలతో పులుసు తిని పెరిగినవారికి ముల్లూ కారమూ లేని ఈ తెల్లటి చేప మొదటి ముద్దకు చప్పగానే తోస్తుంది. అయితే ఎడిన్‌బరో చిప్స్ దుకాణాల్లో ఒక విశేషం ఉంది. కౌంటర్ వెనక మనిషి పొట్లం చుట్టే ముందు ‘సాల్ట్ అండ్ సాస్?’ అని అడుగుతాడు. అది టమాటా కెచప్ అనుకుని చాలామంది వద్దంటారు, లేదా వెనిగర్ చాలంటారు. నిజానికి అది బ్రౌన్ సాస్‌ను వెనిగర్‌తో పల్చగా చేసి సీసాలో పోసుకున్న ముదురు గోధుమ రంగు పులుసు. హెచ్‌పీ వంటి బ్రౌన్ సాసుల్లో చింతపండూ ఖర్జూరమూ ఉంటాయి కనుక, ఉప్పు చల్లి, ఆ తీపి పులుపును వేడి చేప మీద ధారగా పోయించుకుంటే, పులుసులో బెల్లం ముక్క పడనిదే ముద్ద దిగని మన ఇళ్ళవారికి అది ఎంత నచ్చుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇది ఎడిన్‌బరో వైపు అలవాటు. గ్లాస్గోలో ఇంకా వెనిగర్‌దే రాజ్యం, ఈ సంగతి మీద రెండు ఊళ్ళవారూ సరదాగా కీచులాడుకుంటారు కూడా. ‘ఫిష్ సప్పర్’ అని అడిగితే చేపతో పాటు చిప్స్ కూడా వస్తాయి. ఆ పొట్లం ఇద్దరికి సరిపోతుంది.

పొగబెట్టిన హ్యాడక్‌తో చేసే కల్లెన్ స్కింక్ అనే సూపును కూడా వదులుకోవద్దు. ఈశాన్య తీరంలోని కల్లెన్ అనే ఊరి పేరు మీద వచ్చిన ఈ సూపులో చేప, బంగాళాదుంప, ఉల్లిపాయ, పాలు తప్ప పెద్దగా ఇంకేమీ ఉండవు. చేపకూ పాలకూ పొత్తు కుదరదని మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది కాబట్టి మా ఆవిడ చెంచా ముట్టలేదు. నేను ముట్టాను, పొగ వాసనతో చిక్కగా ఉన్న ఆ గిన్నె వానపడే మధ్యాహ్నానికి తగిన భోజనమని తేల్చుకున్నాను. చేపను ఇంకా బాగా తినాలనుకునేవారు ట్రామెక్కి లీత్ రేవు వైపు వెళ్ళాలి. 2023 జూన్ నుంచి ట్రామ్ న్యూహేవెన్ దాకా నడుస్తోంది. ద షోర్ స్టాపులో దిగితే నీటి పక్కనే వరసగా చేపల హోటళ్ళు కనిపిస్తాయి. మేటి వంటకు గుర్తింపుగా హోటళ్ళకు ఇచ్చే మిషెలిన్ నక్షత్రాన్ని 2007లో పొందిన ద కిచిన్ అనే హోటల్ కూడా లీత్‌లోనే ఉంది గానీ, అది పిల్లవాడి మొదటి జీతంతో వెళ్ళవలసిన చోటు.

శాకాహారులకు రెండు హెచ్చరికలు ఉన్నాయి, రెండూ ముఖ్యమైనవే. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండవచ్చు, కనుక గుడ్డు తిననివారు ఆ సంగతి విడిగా అడగాలి, లేదా వీగన్ (గుడ్డు, పాలు కూడా లేనిది) గుర్తున్న వంటకం చూసుకోవాలి. కొన్ని చిప్స్ దుకాణాల్లో నూనెకు బదులు గొడ్డు కొవ్వులో వేయిస్తారు కాబట్టి, ‘బంగాళాదుంపలే కదా’ అని ధీమాగా ఉండకుండా దేనిలో వేయించారో అడగాలి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు, పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల గురించి చెప్పడం వారికి చట్టరీత్యా తప్పనిసరి కనుక ప్రశ్నలు వారికి అలవాటే. ఆ పద్నాలుగింటిలో ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి, అంటే ఆవపెట్టిన పనసపొట్టు కూరనూ నువ్వుల పొడినీ అక్కడ అమ్మాలంటే ఆ సంగతి ముందే చెప్పి తీరాలన్నమాట.

ఉదయం పూట శాకాహారులకైనా మాంసాహారులకైనా నా సిఫారసు పారిజ్. ఓట్స్ రవ్వను నీళ్ళలో, ఉప్పు వేసి, పొడవాటి కర్రతో కలుపుతూ ఉడికించే ఈ జావ పాత పద్ధతిలో తింటే అచ్చం మన చోడి అంబలి లాగే కడుపులో చల్లగా కూర్చుని మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తనివ్వదు. యాత్రికుల కోసం దాని మీద తేనె, పండ్లు, మీగడ పోసి ఇస్తారు. ఉప్పుది అడిగి చూడండి. బస హోటల్లో గుడ్డూ సాసేజీలూ నింపిన పెద్ద పళ్ళెం కన్నా ఇదే మేలు. ఆ పళ్ళెంలో నల్లగా గుండ్రంగా కనిపించే బ్లాక్ పుడ్డింగ్ రక్తంతో చేసిందన్న సంగతి కూడా ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక హగ్గిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలతో కలిపి ఉడికించే వంటకం ఇది. బోటీ, తలకాయ మాంసం ఇష్టంగా తినే మన ప్రాంతం వారు దీన్ని చూసి మొహం తిప్పుకోవడానికి కారణమేమీ లేదు. మిరియాల ఘాటు కూడా బాగానే తగులుతుంది. ఉడికించి మెదిపిన బంగాళాదుంప, స్వీడ్ దుంపలతో కలిపి వడ్డిస్తారు. కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజైన జనవరి 25న దేశమంతా తినే వంటకం ఇదే అయినా, ఎడిన్‌బరోలో ఏడాది పొడవునా దొరుకుతుంది. కొన్ని తయారీల్లో గొడ్డు కొవ్వు కలుస్తుంది కాబట్టి ఆ పట్టింపు ఉన్నవారు శాకాహార హగ్గిస్‌ను ఎంచుకోవచ్చు. మాక్‌స్వీన్ అనే ఎడిన్‌బరో సంస్థ దీన్ని 1984లో తెచ్చింది. ఓట్స్, పప్పుదినుసులు, రాజ్మా, క్యారెట్‌లతో చేస్తారు. రెండూ తిన్నాను, నా ఓటు శాకాహారానికే. మెత్తదనం తక్కువ, రుచి ఎక్కువ.

ఎంత చెప్పినా మూడో నాటికి అన్నం గుర్తుకొస్తుంది. నికల్సన్ స్క్వేర్‌లోని మాస్క్ కిచెన్ అందుకు సరైన చోటు. సెంట్రల్ మసీదు చెంత మొదలైన ఈ హోటల్లో హంగులేవీ లేవు. అన్నం, కూర, పప్పు, నాన్ తీసుకుని విద్యార్థుల మధ్య కూర్చుని తినడమే. మద్యం దొరకదు. సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లోని డిషూమ్ బొంబాయి ఇరానీ కేఫ్‌ల తీరులో నడిచే పెద్ద హోటల్; రాత్రంతా ఉడికించిన నల్ల మినప్పప్పు బాగుంటుంది గానీ, విజయనగరం నుంచి అంత దూరం వెళ్ళి బొంబాయి పప్పు కోసం వరుసలో నిలబడటం నాకు మాత్రం సమంజసంగా తోచలేదు. ఇంటి నుంచి ఆవకాయ తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలను మాత్రం మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకుపోకూడదు.

పానీయాల గురించి చెప్పే ముందు ఒక ముచ్చట. విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం జరిపే మెక్యూవన్ హాలు విలియం మెక్యూవన్ అనే బీరు తయారీదారు సొమ్ముతో కట్టిందే, 1897లో ప్రారంభమైంది. కాబట్టి పట్టా పుచ్చుకున్న సాయంత్రం పబ్బుకు వెళ్ళడంలో తప్పు వెతకనక్కరలేదు. పబ్బులో బల్ల దగ్గర కూర్చుని సర్వరు కోసం ఎదురుచూడకూడదు. బారు దగ్గరికి వెళ్ళి చెప్పి, అప్పుడే డబ్బు చెల్లించి, గ్లాసు చేతపట్టుకుని రావాలి. విస్కీ 25 లేదా 35 మిల్లీలీటర్ల కొలతలో పోస్తారు. మన బార్లలో 60 మిల్లీలీటర్ల పెగ్గుకు అలవాటుపడ్డ బావమరిది గ్లాసును దీపం వెలుగులోకి ఎత్తి చూసి, ఇది రుచికి ఇచ్చిందా అని అడిగాడు. కనీసం 3 ఏళ్ళు ఓక్ పీపాలో నిలవ ఉంటేనే దానికి స్కాచ్ అనే పేరు దక్కుతుంది కాబట్టి, సోడా పోసి ముంచేయకుండా రెండు చుక్కల నీళ్ళతో నెమ్మదిగా తాగడమే మర్యాద. కూర్చోవడానికి నేను సూచించే చోటు ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు చివర దగ్గరున్న కేఫ్ రాయల్. గోడల మీద జేమ్స్ వాట్, ఫారడే వంటి శాస్త్రవేత్తలను చూపే పింగాణీ పలకల చిత్రాలున్నాయి, తాగనివారు కూడా వాటి కోసం వెళ్ళవచ్చు. మద్యం ముట్టనివారికి ఐర్న్ బ్రూ అనే నారింజ రంగు సోడా ఉంది. పిల్లలకు నచ్చుతుంది, నాకు మందు సీసా గుర్తొచ్చింది. మద్యం అమ్మే హోటళ్ళలో కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగానే ఇస్తారు, సీసా నీళ్ళకు పౌండ్లు పోయనక్కరలేదు.

ఖర్చు సంగతి రెండు మాటల్లో చెబుతాను. చల్లటి శాండ్‌విచ్ కట్టించుకుని తీసుకెళ్తే వ్యాట్ ఉండదు, అక్కడే కూర్చుని తింటే 20 శాతం పడుతుంది. బిల్లులో కలిపే సర్వీస్ చార్జీ చాలాచోట్ల ఐచ్ఛికమే, సేవ నచ్చకపోతే తీసేయమనవచ్చు. జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది గనుక వేళ తెలియదు, ఈలోగా చాలా వంటగదులు మూసేస్తారు. దుకాణాల్లో మద్యం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే అమ్ముతారు. ఆగస్టులో 1947 నుంచి జరుగుతున్న ఫ్రింజ్ అనే కళా ఉత్సవాల రద్దీలో బల్ల దొరకడమే గగనం కాబట్టి, స్నాతకోత్సవం అయిన వెంటనే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మంచిది.