వీడియోలో లోతు చూపించడం నేర్చుకోవడానికి ఏది మేలు: చేతిలో ఉన్న ఫోనా, కొత్త 50 లెన్సా?

"అన్నయ్యా, షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. బొమ్మంతా గోడకి అంటించినట్టు ఫ్లాట్‌గా వస్తోంది. కెమెరా, 50 లెన్సు కొనేయమంటావా?" దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలు ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇది.

నేనూ మొదట కొన్నది 50 ఎంఎం, 1.8 లెన్సే. 50 అంటే ఎంత దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే అంకె. 1.8 అంటే వెలుగు వచ్చే రంధ్రం ఎంత తెరిచిందో చెప్పేది: ఆ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెనకాల బ్లర్ ఎక్కువ. ప్యాలెస్ గేటు దగ్గర, బజారులో, మహేంద్రతనయ నది ఒడ్డున రెండు రోజులు తిరిగి ఒక చిన్న కథ తీశాం. మొహాలు బ్రహ్మాండంగా వచ్చాయి. వెనకాల మాత్రం పచ్చ మచ్చలు, పసుపు మచ్చలు. ఇంట్లో టీవీకి పెట్టి చూపిస్తే మా పిన్ని, "బాగుంది గానీ ఇదెక్కడ తీశార్రా, విశాఖపట్నంలోనా?" అంది. ఆవిడ రోజూ కూరలకి వెళ్ళే బజారే అది.

ఆ రోజు అర్థమైంది, బ్లర్ వేరు, లోతు వేరు అని. బ్లర్ మనిషిని వెనకదాన్నుంచి విడదీస్తుంది, అంతే. ఎంత దూరంలో ఏముందో కంటికి చెప్పే గుర్తులు చాలావరకు వెనకాలే ఉంటాయి: దూరం పోయేకొద్దీ చిన్నవయ్యే స్తంభాలు, ఒకచోటికి దగ్గరపడే రోడ్డు అంచులు, ఒకదాని వెనక ఒకటి దాక్కునే ఇళ్ళు, సన్నబడిపోయే గోడ గరుకు. వాటినే చెరిపేసి లోతు రాలేదంటే ఎలా? పైగా మితిమీరిన బ్లర్ పెద్దవాటిని కూడా ఆటబొమ్మల్లా చూపిస్తుంది. 1957 నాటి మాయాబజార్‌లో ద్వారకను చిన్న నమూనాగా కట్టి తీశారు. బొమ్మ ఊరు నిజం ఊరిలా కనబడాలంటే ముందూ వెనకా అంతా స్పష్టంగా ఉండాలి. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తిరగబడి, నిజం ఊరిని బొమ్మ ఊరు చేస్తున్నాం.

ఫోన్ సెన్సర్, అంటే వెలుగుని పట్టే చిప్, చిన్నది. వెనకాల బ్లర్ చేసే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేస్తే మెయిన్ కెమెరాలో కొన్ని అడుగుల అవతల నుంచి కొండదాకా దాదాపు అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. చాలామంది లోపం అనుకునేది ఇదే. నేర్చుకునేవాడికి మాత్రం ఇది వరం. దాచడానికి బ్లర్ లేదు కాబట్టి మనిషిని ఎక్కడ నిలబెట్టాలి, ముందు ఏ కొమ్మ రావాలి, వెలుగు ఎక్కడ పడాలి అని ఆలోచించక తప్పదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మీ కాళ్ళు కదులుతున్నాయా లేదా. పర్‌స్పెక్టివ్‌ని, అంటే దగ్గరివీ దూరానివీ ఒకదాని పక్కన ఒకటి ఎంతెంత సైజులో కనబడతాయన్నదాన్ని, నిర్ణయించేది లెన్సు కాదు, మీరు నిలబడ్డ చోటు. ఫ్రెండు మీకు 2 మీటర్లలో, ప్యాలెస్ గేటు 20 మీటర్లలో ఉన్నాయనుకోండి. కదలకుండా 2ఎక్స్ జూమ్ నొక్కితే రెండూ రెట్టింపవుతాయి, వాటి మధ్య పొంతన మారదు. ఇప్పుడు 2 మీటర్లు వెనక్కి నడవండి. ఫ్రెండు సగానికి తగ్గాడు. గేటు 22 మీటర్లకి వెళ్ళింది, అంటే పదో వంతు కూడా తగ్గలేదు. ఇప్పుడు 2ఎక్స్ నొక్కండి. ఫ్రెండు మొదటి సైజుకే వచ్చాడు, గేటు మాత్రం దాదాపు 1.8 రెట్లు పెరిగి అతని నెత్తి మీదకి వచ్చేసింది. "జూమ్ లెన్సు దూరాన్ని నొక్కేస్తుంది" అంటారు గానీ, నొక్కింది మన నడక.

కదిలే షాట్లోనూ అంతే. నిలబడ్డ చోటే ఫోన్ తిప్పితే పోస్టరు మీద చూపు తిప్పినట్టే ఉంటుంది. నాలుగడుగులు పక్కకి నడవండి, దగ్గరి కొమ్మ పరుగెడుతుంది, వెనక కొండ కదలదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఇది కొత్త కాదు: జీడిమామిళ్ళు వెనక్కి దూసుకుపోతుంటే మహేంద్రగిరి కొండ మనతోనే వస్తుంది.

ఆ కొండని చలికాలం పొద్దున్నే తీయండి. దగ్గరి వరస నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆఖరిది ఆకాశంలో కలిసిపోతూ నీలంగా. మంచు, తేమ చేసే పని అది, పైసా ఖర్చు లేదు. వాన వెలిసిన సాయంత్రం అదే కొండ ఊరికి దగ్గరికి జరిగినట్టుంటుంది, గాలి కడిగేసింది కాబట్టి. గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఇసుక, నీళ్ళు, ఆకాశం మూడు అడ్డగీతలు. ఎంత పెద్ద సముద్రమైనా బొమ్మలో పల్చగానే వస్తుంది. అది తప్పు కాదు. గుడ్డ మీద వేసే మన ఒడిశా పటచిత్రం అలాగే ఉంటుంది, కావాలనే. ఫ్లాట్‌గా వచ్చిందా, ఫ్లాట్‌గా తీశారా అన్నదే తేడా.

50 లెన్సుకి న్యాయం చేయాలి. మామూలు డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) మీద అది 75, 80 ఎంఎం లెన్సులా ఇంకాస్త దగ్గరికి లాగి చూపిస్తుంది, జూమ్ ఉండదు కాబట్టి అదీ మనల్ని నడిపిస్తుంది. చీకటి పడ్డాక ఫోన్ దాని ముందు నిలవదు. తప్పల్లా 1.8 దగ్గర పెట్టి మర్చిపోయే మన చేతిదే. ఆ అంకెని 8కో 11కో తిప్పితే రంధ్రం చిన్నదై వెనకాల బజారు తిరిగొస్తుంది. పెళ్ళిళ్ళు తీసి సంపాదించాలంటే కొనండి, నేను వద్దనను. నాది మాత్రం పోయిన నెల మా బావకి ఇచ్చేశాను, ఆయనకి అదే పని.

సినిమాలు ఆపి ఆపి చూడడం? మంచిదే, సౌండ్ తీసేసి చూస్తే ఇంకా మంచిది. 1941 నాటి సిటిజన్ కేన్‌లో తల్లి ముందు కూర్చుని కాగితాల మీద సంతకం పెడుతుంటే, వెనక కిటికీలోంచి మంచులో ఆడుకుంటున్న కొడుకు స్పష్టంగా కనిపిస్తాడు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్ అక్కడ బ్లర్ చేసి ఉంటే ఆ కుర్రాడి బతుకు ఎవరి చేతిలో నలుగుతోందో ఒక్క చూపులో తెలిసేది కాదు. కానీ చూడడం ఒక్కటే చాలదు, మర్నాడు మన వాకిట్లో అలాంటిదే తీసి చూడాలి.

ఆన్‌లైన్ కోర్సులు డబ్బులుంటే చేయండి. డ్రాయింగ్ వచ్చినవాళ్ళకి సగం పని అయిపోయినట్టే. 

గుణుపురం తమ్ముడికి నేను పెట్టిన పని ఇది: వారం రోజులు, ఒకే గుమ్మం, ఒకే మనిషి, జూమ్ ముట్టుకోకుండా రోజుకి మూడు షాట్లు. స్టేషన్లో తీస్తే ప్లాట్‌ఫాం మీద నిలబడే తీయమన్నాను, పట్టాల మీదకి దిగొద్దని. నాలుగో రోజుకే కెమెరా ధర అడగడం మానేసి, నిచ్చెన ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.