నీటిగుంటా, సముద్రపు అడుగా? జీవం ఎక్కడ మొదలై ఉంటుంది?

ప్రకృతి వరణం పాఠం అయిపోగానే ఏటా ఎవరో ఒకరు లేస్తారు. "సార్, తగినవి మిగిలాయి సరే, అసలు మొదటిది ఎట్లా వచ్చింది?" ఈ ఏడాది నెల్లూరు ట్యూషన్‌లో ముగ్గురు అడిగారు. అందుకే రాస్తున్నా. గట్టి పోటీ రెండింటి మధ్యే: నేల మీది వెచ్చని నీటిగుంట, సముద్రపు అడుగున వేడినీటి ఊట.

ఊటల వైపు బలం తక్కువేం కాదు. 1977లో గాలపాగస్ దగ్గర, ఎండ పొడ సోకని లోతులో, ఊటల చుట్టూ జీవాలు గుంపులుగా కనిపించాయి. 2000లో అట్లాంటిక్‌లో బయటపడ్డ 'లాస్ట్ సిటీ' ఊటల్లో వచ్చేది క్షారపు నీరు. జీవం మొదలైన కాలంలో సముద్రం కాస్త ఆమ్లంగా ఉండేదంటారు. మధ్యలో సన్నటి రంధ్రాల రాయి, అటూ ఇటూ ప్రోటాన్ల (ధనావేశమున్న హైడ్రోజన్ కణాల) తేడా. మన కణాలు నేటికీ శక్తి తీసుకునేది అలాంటి తేడా నుంచే. ఇది చదివి కొన్నాళ్లు నేనూ ఆ పక్షమే.

నన్ను ఇవతలికి లాగింది నీళ్లే. ప్రోటీన్ల ఇటుకలైన అమైనో ఆమ్లాలైనా, ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏల ఇటుకలైన న్యూక్లియోటైడ్లైనా గొలుసు కట్టాలంటే ఒక్కో ముడికీ ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ సముద్రం పెట్టుకుని ఆ పని చేయడం వానలో బట్టలు ఆరేసినట్టే.

గుంట అయితే ఎండుతుంది. అల్లూరు దగ్గర ఇస్కపల్లి ఉప్పు మడుల గట్టు మీద మధ్యాహ్నం కాసేపు నిలబడండి. నీళ్ల అంచున ముందు పల్చటి తెల్లపొర కడుతుంది, చూస్తుండగానే పలుకు తేలుతుంది. నీళ్లలో ఎక్కడెక్కడో ఉన్నదంతా ఒకచోట చేరడమంటే అదీ. న్యూక్లియోటైడ్లను కొవ్వు పదార్థాలతో కలిపి తడుపుతూ ఆరబెడుతూ పోతే ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏలాగే జన్యు సమాచారం మోసే అణువు) లాంటి గొలుసులు తయారవుతాయని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ డీమర్ బృందం 2008లో చూపింది. అందులో సుధా రాజమణి ఉన్నారు, తర్వాత పుణెలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకి వచ్చారు.

పైగా వాన పడ్డ ప్రతిసారీ అదొక పరీక్ష. త్వరగా తెగే గొలుసు పోతుంది, తట్టుకున్నది మళ్లీ ఎండే దాకా ఉంటుంది. వాటిలో ఏదైనా తన నకలు తీసుకోవడం మొదలుపెడితే ఇక డార్విన్ లెక్కే. 1967లో అమెరికా జీవశాస్త్రవేత్త స్పీగల్‌మన్ పరీక్షనాళికలో వైరస్ ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీయిస్తూ, కొద్దికొద్దిగా కొత్త నాళికల్లోకి మారుస్తూ పోయాడు. 74వ మార్పిడికి అసలు పొడవులో 83 శాతం ఊడిపోయింది. త్వరగా నకలయ్యే పొట్టిదే గెలిచింది. నకలు తీసే ఎంజైమ్ మాత్రం ఆయన బయటి నుంచి ఇచ్చిందే. ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు.

ఉప్పు మడి పోలికను మరీ సాగదీయొద్దు. గొలుసులను లోపల పట్టి ఉంచే తొలి కణపు పొర కొవ్వు ఆమ్లాల బుడగే అయి ఉంటుందంటారు. ఉప్పునీళ్లలో ఆ బుడగలు మామూలుగా నిలవవు, కాబట్టి కావలసింది వాననీటి గుంట. ఆ లెక్కన సముద్రానికి ఇంకో దెబ్బ. ఆనాడు నేల తక్కువన్నది గుంటకు ఉన్న ఇబ్బంది. కానీ అగ్నిపర్వత దీవి ఒకటి ఉన్నా చాలు కదా.

అంతరిక్షం నుంచి వచ్చిందంటారా? 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్కలో అమైనో ఆమ్లాలు దొరికాయి, నిజమే. ఇటుకలు దొరికాయని ఇల్లు కూడా అక్కడే కట్టారనలేం.

పరీక్షలో వస్తే మాత్రం 1953 నాటి మిల్లర్ ప్రయోగం (వాయువుల మిశ్రమంలో విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు తయారుచేసినది), బొమ్మతో సహా రాయండి. మార్కులు దానికే. గుంట సంగతి ట్యూషన్‌లో మాట్లాడుకుందాం.