పువ్వుల ఆదివారమా, ప్రశ్నల ఆదివారమా?

మా పక్క వీధి వదిన మొన్న ఫోన్ చేసింది. వాళ్ల అత్తగారు కాకినాడ నుంచి వచ్చి నెలైంది, జూన్ ఆఖరున తిరుగు ప్రయాణం. "తమ్ముడూ, నువ్వు వెళ్లే ఆ యూనిటేరియన్ చర్చికి ఒకసారి వద్దామనుకుంటున్నాం. అత్తయ్య, నేను, చిన్నాడు. ఒక్క ఆదివారమే కుదురుతుంది. ఏ వారం రమ్మంటావ్?"

జూన్ ఆఖరులోపు మా చర్చిలో పెట్టిన ఆదివారం సర్వీసులు నాలుగు, నాలుగూ నాలుగు రకాలు. మామూలు ప్రసంగం, పిల్లల విశ్వాస ప్రకటనలు, ప్రశ్నల పెట్టె, జూన్ మధ్యలో పువ్వుల పంపకం. ఆ తర్వాత మినిస్టర్‌గారు, అంటే మా చర్చి పాస్టరు, సెలవు మీద వెళ్తారు. వేసవంతా సభ్యులే వంతులవారీగా నడుపుకొంటారు కాబట్టి సర్వీసు బాగుండటం, బాగుండకపోవడం ఆ వారం వంతు ఎవరిదో దాన్నిబట్టి ఉంటుంది. ఆ వేసవి వారాలను లెక్కలోంచి తీసేశాను.

మామూలు ఆదివారం సంగతి ముందు. పదిన్నరకు గిన్నెలో దీపం వెలిగిస్తారు. పాటలు, పిల్లలకో కథ, కథ అయ్యాక పిల్లలు తమ తరగతులకు వెళ్లిపోతారు. తర్వాత ఇరవై నిమిషాల ప్రసంగం. అది బైబిల్ మీదైనా ఉండొచ్చు, బుద్ధుడి మీదైనా, ఊళ్లో అద్దెలు పెరగడం మీదైనా. దేవుణ్ణి నమ్మేవారూ నమ్మనివారూ ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఫలానాది నమ్మితీరాలని ఎవరూ అడగరు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం కాదు, దేవుడొక్కడే అన్న యూనిటేరియన్లు, ఎవరూ శాశ్వత నరకంలో పడరు అన్న యూనివర్సలిస్టులు ఇక్కడ అమెరికాలో 1961లో కలిసిపోయాక ఏర్పడిన సంప్రదాయం ఇది.

నా మటుకు నాకు అసలు సర్వీసు అంటే 'సంతోషాలూ దుఃఖాలూ' అని పిలిచే ఆ పది నిమిషాలే. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు ముందుకొచ్చి ఒక కొవ్వొత్తి వెలిగించి రెండు మాటలు చెబుతారు. బయాప్సీలో ఏమీ లేదని తేలిందని ఒకరు, తమ్ముడితో పదేళ్ల తర్వాత మాట్లాడానని ఇంకొకరు. సాగదీసేవాళ్లూ ఉంటారు, ఓపిక పట్టాలి. ఈ సంఘంలో చేరదామా వద్దా అని ఆలోచించేవాళ్లు మాత్రం మామూలు ఆదివారమే రావాలి. పండగ రోజు పెళ్లిచూపులకు వెళ్తే ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. కానీ వదినకు చేరే ఉద్దేశం లేదు, అత్తగారికి ఇరవై నిమిషాల ఇంగ్లీషు ప్రసంగమంటే నిద్రే.

ప్రశ్నల పెట్టె పేరుకు తగ్గట్టే ఉంటుంది. వచ్చినవాళ్లు చీటీల మీద ప్రశ్నలు రాసి వేస్తే, మినిస్టర్ ఒక్కొక్కటీ తీసి అప్పటికప్పుడు జవాబిస్తారు. చచ్చిపోయాక ఏమవుతుంది అన్న చీటీ పక్కనే, పైకప్పు మరమ్మతుకు డబ్బెక్కడిది అన్న చీటీ. తడుముకోకుండా మాట్లాడగలిగే మినిస్టర్ అయితేనే ఇది రక్తి కడుతుంది. మా మినిస్టర్‌గారు ప్రతిసారీ కనీసం రెండు ప్రశ్నలకు "నాకు తెలియదు" అంటారు. నాకు నచ్చేది అదే. వదిన ఒక్కతే వస్తే కళ్లు మూసుకుని ఇదే చెబుతాను. లెక్చరరుగా చేసిన మనిషి, చీటీ కాదు, పేపరే రాస్తుంది.

చిన్నాడికి పద్నాలుగు. వాణ్ణి దృష్టిలో పెట్టుకుంటే పిల్లల విశ్వాస ప్రకటనల వారం. ఆ ఈడు పిల్లలు ఒక్కొక్కరూ ఒక పెద్దవారి తోడుతో ఏడాదిపాటు చదువుకుని, మాట్లాడుకుని, చివరికి తామేం నమ్ముతారో రాసి అందరి ముందూ చదువుతారు. మన ఒడుగులో పెద్దలు చెవిలో చెబితే పిల్లవాడు వింటాడు. ఇక్కడ పిల్లవాడు చెబితే పెద్దలు వింటారు. కిందటేడు ఒకమ్మాయి, దేవుడున్నాడని తనకు అనిపించడం లేదనీ, అయినా అమ్మమ్మ జపమాల పారేయలేననీ చదివింది. వాళ్ల అమ్మానాన్నలు ముందు వరసలోనే ఉన్నారు, చప్పట్లు కొట్టారు. నాలుగింటిలో మరెక్కడా దొరకనిది ఇదేనని నా గట్టి నమ్మకం. ఒక్కటే చిక్కు: నాయనమ్మ పక్కనుంచి "ఏమంటోందిరా?" అని అడుగుతుంది, వాడు తెలుగులో చెప్పాలి.

అలాగని నాయనమ్మను తక్కువ అంచనా వేయొద్దని వదినే గుర్తు చేసింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి కాకినాడ మనిషి, బ్రహ్మసమాజం మాట వింటూ పెరిగింది. విగ్రహం లేని ప్రార్థన ఆమెకు కొత్త కాదు. ఆ మాటకొస్తే ఆ సమాజానికి ఆద్యుడు రామ్మోహన్ రాయ్ 1821లో కలకత్తా యూనిటేరియన్ కమిటీలో ఉన్నవారే. బ్రహ్మసమాజానికి మూలమైన బ్రహ్మసభ ఆ తర్వాత, 1828లో.

ఇక పువ్వులు. ఇంటికొకటి కాదు, మనిషికొక పువ్వు తెచ్చి ముందున్న కూజాల్లో పెట్టాలి. వెళ్లేటప్పుడు ఇంకొకరు తెచ్చిన పువ్వు తీసుకోవాలి. అంతే, భాషతో పనే లేదు. ప్రాగ్‌లో నార్బర్ట్ చాపెక్ అనే మినిస్టర్ 1923లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన సంఘంలో చాలామంది పాత చర్చిలను వదిలి వచ్చినవాళ్లు. చర్చిల్లో ప్రభు భోజనంగా ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం అంటే మొహం తిప్పుకునేవాళ్లు. అందరూ కలిసి చేసే పని ఒకటి కావాలి, అది ఎవరినీ నొప్పించకూడదు. విదేశీ రేడియో విన్నాడని 1941లో నాజీల రహస్య పోలీసు గెస్టపో ఆయన్ని పట్టుకుపోయింది, మరుసటి ఏడు నాజీలు చంపేశారు. అంతకుముందే 1940లో ఆయన భార్య మాయా ఈ పద్ధతిని ఇక్కడికి, మసాచుసెట్స్‌లో మా పక్కనున్న కేంబ్రిడ్జికి తెచ్చింది. ఈ కథ ఏటా చెబుతారు. ఏటా వింటాను, తీసుకున్న పువ్వు ఇంటికెళ్లేదాకా చేతిలోనే ఉంటుంది.

దేవుడికి పెట్టే పువ్వు వాసన చూడకూడదని పెరిగినవాళ్లం కదా, అత్తగారికి ముందే చెప్పమన్నాను: ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. దుకాణంలో కొన్న గులాబీ వద్దు, వాళ్ల పెరట్లో పియోనీ పూలు విరగబూసి ఉన్నాయి, అవి చాలు.

ముగ్గురూ కలిసి ఒక్క వారమే అయితే పువ్వుల వారం. చిన్నాడు పేచీ పెట్టకుండా వస్తానంటే పిల్లల వారం, దాని ముందు పువ్వులు కూడా దిగదుడుపే. ఇదీ నేను చెప్పింది. వదిన కాసేపు ఊరుకుని, ఎలాగో తంటాలు పడి రెండు వారాలూ వస్తామంది. సర్వీసు తర్వాత కాఫీ ఇస్తారటగా, బాగుంటుందా అని అడిగింది.

బాగుండదు. ఫ్లాస్కులో ఇంటి కాఫీ తెచ్చుకోమన్నాను.